భోగి కుప్పలో కాపురాలు

ధనుర్మాసం సగం గడిచేసరికి పెనుగొండలో వీధికో కుప్ప లేస్తుంది. ఎండిన కొబ్బరి మట్టలు, తాటి దుంగలు, కాళ్లు విరిగిన కుర్చీలు, గాలివానకు కూలిన మునగమాను, ఏ పశువుల పాకదో చివికిన వాసం, ఏది దొరికితే అది పిల్లలు ఈడ్చుకొచ్చి పడేస్తారు. మా వీధి కుప్ప మా పెరటి గోడ పక్కనే పడుతుంది కాబట్టి దాని బాగోగులు ఏటా నా నెత్తినే. కుప్ప ఎంత ఎత్తు లేస్తే మా వీధికి అంత పేరు. భోగి దాకా దాన్ని ఎవరూ కదపరు. అన్నాళ్లలో దాని అడుగున ఎవరు కాపురం పెట్టారో చూసే ఓపిక కూడా ఎవరికీ ఉండదు.

కాపురాలు తక్కువేం కాదు. కట్టెల కింద నేల చెమ్మగా, బయటి మంచుకన్నా కాస్త వెచ్చగా ఉంటుంది. బోదురుకప్పలకు అదే మేడ. నలికళ్ల పాములు, బల్లులు, తేళ్లు, చుంచులు సరేసరి. సార్వా కోతలైపోయి చేలు బోడిగా ఉండే రోజులు కదా, ఎలుకలు గట్లు వదిలి ఊళ్లోకి, గడ్డిమేట్ల కిందికి దిగుతాయి. వాటి వెనకే జెర్రిపోతు వస్తుంది. ఒక్కోసారి కట్లపాము కూడా.

మా మేనకోడలు ఇంగ్లండులో ఉంటుంది. అక్కడా నవంబరు 5న మన భోగిలాంటి మంటల రాత్రి ఒకటుంది. "మావయ్యా, ఇక్కడ మంట పెట్టేముందు కట్టెలన్నీ పక్కకు తీసి మళ్లీ పేరుస్తారు, హెడ్జ్‌హాగ్ ఉందేమోనని" అంది ఓసారి ఫోన్లో. గుప్పెడంత ప్రాణి, వీపంతా ముళ్లు. నవంబరు నుంచి మార్చి దాకా ఆకుల కింద, కట్టెల కింద నిద్రపోతుంది. మెలకువగా ఉన్నా, భయమేస్తే పరుగెత్తదు, బంతిలా చుట్టుకుని అక్కడే ఉండిపోతుంది. నక్క ముందు పనికొచ్చే ఆ ఉపాయం నిప్పు ముందు పనిచేయదు. అందుకని వాళ్లు మంట పెట్టే రోజే కుప్పను చోటు మార్చి పేరుస్తారు. చలికాలం ముందే పెరటి మూల ఆకులు ఊడ్వకుండా వదిలేస్తారు. అది ఇంటికీ ఇంటికీ తిరగడానికి కంచె అడుగున 13 సెంటీమీటర్ల చదరం కన్నం ఉంచుతారు. పాలు మాత్రం పెట్టొద్దంటారు, దానికి అరగవు.

అలాంటిదే ఒకటి దక్షిణ భారతంలోనూ ఉంది. 1851లో హార్స్‌ఫీల్డ్ అనే ఆయన శాస్త్రానికి ఎక్కించాడు. తమిళనాడు, కేరళతోపాటు మన రాష్ట్రంలోనూ ఉంటుంది. కానీ దానికి కావలసింది మెట్ట, ముళ్లపొదల నేల. మా డెల్టా మడిచెక్కల్లో దాన్ని చూశామన్నవాళ్లు నాకు తగల్లేదు. మాకున్నవి కప్పలూ జెర్రిపోతులే. పద్ధతి మాత్రం అచ్చంగా వాటికీ పనికొస్తుంది.

"పొగ తగిలితే అవే పోతాయి లేవయ్యా" అంటారు మా వీధి పెద్దలు. అవి పోలేవు. మనం భోగి మంట వెలిగించేది తెల్లవారుజామున నాలుగింటికి, ఒళ్లంతా మంచు తడి పట్టే వేళ. కప్పకీ పాముకీ మనలా లోపల పొయ్యి ఉండదు, బయటి వేడే వాటి వేడి. మధ్యాహ్నం కంటికి కనపడకుండా దూసుకుపోయే జెర్రిపోతు ఆ వేళకి బిగుసుకుపోయి, కదలాలన్నా నిదానంగా కదులుతుంది. కిరసనాయిలు పోసి నాలుగు వైపులా అంటిస్తే దానికి దారి ఎక్కడిది? ఈ మధ్య టైర్లూ ప్లాస్టిక్ కుర్చీలూ కూడా మంటలో వేస్తున్నారు, ఆ పొగ మన పిల్లల ఊపిరికే చేటు. అది వేరే వారం చెప్పుకోవలసిన సంగతి.

నేను చేసే పని చిన్నది. భోగికి ముందురోజు మధ్యాహ్నం, ఎండ బాగా కాసి వాటి ఒంట్లో చురుకు పుట్టాక, దోటితో పైనుంచి ఒక్కొక్క మట్టా లాగి పక్కన ఖాళీచోట కొత్త కుప్ప పేరుస్తాను. చేతులు లోపల పెట్టను, చెప్పులు లేకుండా దగ్గరికి వెళ్లను, పిల్లల్ని దూరంగా నిలబెడతాను. కట్లపాముతో పరాచికాలొద్దు, అది కనపడితే పని ఆపి పాములు పట్టేవాళ్లను పిలవాలి. అట్టడుగు దుంగలూ ఆకు చెత్తా మంటలో వేయను. ఇంటి గుమ్మానికి దూరంగా, గోడ మూల కొబ్బరిచెట్టు కింద వదిలేస్తాను. లేచిపోయినవి అక్కడికే చేరతాయి. చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటిదాకా ఆ మూల చీపురు పెట్టనివ్వను. ఇంట్లో దీనిమీద సణుగుడు ఉంది, ఉండనివ్వండి.

జెర్రిపోతు గురించి ఇంకో మాట. కార్తీకంలో నాగుల చవితికి పుట్ట దగ్గర చలిమిడి, చిమ్మిలి పెట్టి పాలు పోస్తాం. పాములు పాలు తాగవన్న సంగతి అలా ఉంచండి. మూడు నెలలు తిరక్కుండానే కుప్పలోంచి పాము తల కనపడితే కర్ర తీస్తాం. జెర్రిపోతు తాచుతో జతకడుతుందని, దానికీ విషం ఎక్కుతుందని మా వైపు గట్టి నమ్మకం. పెనవేసుకుని లేచే ఆ రెండూ చాలాసార్లు బలాబలాలు తేల్చుకునే మగ జెర్రిపోతులే. దానికి విషం లేదు. పైగా సరిగ్గా ఈ రోజుల్లోనే దాళ్వా నారుమళ్ల మీద ఎలుకలు పడతాయి. బుట్టలు పెట్టేవాళ్లకు ఎలుకకింత అని రైతు డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. ఆ పనే కూలి అడగకుండా చేసే జీవాన్ని చంపుకోవడం తెలివితక్కువ వ్యవసాయం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

జనవరి 13నో 14నో మీ వీధిలోనూ మంట వేస్తారు. ముందురోజు భోజనాలయ్యాక ఒక దోటి, ఇద్దరు పెద్దవాళ్లు, ఓ గంట చాలు. కుప్పను పక్కకు మార్చి పేర్చండి. మంట ఒక పక్కనుంచే అంటించండి, రెండో పక్క మనుషులు నిలబడకుండా చూడండి.