కనబడని నేస్తం ఎంత ఎత్తు?

ఒకప్పుడు టీవీ షూటింగుల్లో ప్రాంప్టింగ్ చెప్పేవాణ్ణి. కెమెరాకి అందని మూల చూసుకుని నిలబడి ఒక్కో ముక్కా అందిస్తే, ఆర్టిస్టులు అందుకునేవాళ్ళు. తెలుగు రానివాళ్ళు కూడా అలాగే సీన్లు లాగించేసేవాళ్ళు. నా గొంతు ఎలాగూ డబ్బింగులో పోయేది.

ఓసారి ఫిల్మ్‌నగర్‌లో అద్దె ఇంట్లో చిన్న కామెడీ ఎపిసోడు తీస్తున్నాం. నలభై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగి దగ్గరికి, చిన్నప్పుడు ఊహించుకుని ఆడుకున్న నేస్తం తిరిగొస్తాడు. ఇంకెవరికీ కనబడడు. ఆ నేస్తం మాటలూ నేనే చెప్పాలి, ఉద్యోగికి ప్రాంప్టింగూ నేనే. మొదటి టేకులో నేస్తంలా "నా గోళీలేవిరా?" అన్నాను. ఆర్టిస్టు అలవాటుగా నా వెనకే "నా గోళీలేవిరా?" అనేశాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. రోజూ నా మాట అందుకునే మనిషి, ఒక్కసారైనా దాన్ని వినలేదన్నమాట.

"లుక్ ఎక్కడివ్వాలి?" అన్నారు కెమెరామన్. ఆరేళ్ళ పిల్లాడి ఎత్తున లైట్ స్టాండుకి ఎర్ర టేపు అంటించాం. ప్రాంప్టింగ్ ఇంకొకరికి అప్పజెప్పి, నేను ఆ స్టాండు పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నా. ఈసారి జవాబు చెప్పేముందు అతను ఆగాడు. కళ్ళు టేపు దాకా దిగాయి. రెప్ప పడలేదు. అక్కడ పిల్లాడున్నాడని నాకే అనిపించింది.

ఈ తరహా కామెడీకి ప్రాణం ఆ వినడమే. 2007లో 'శంకర్‌దాదా జిందాబాద్'లో చిరంజీవి పాత్రకి మాత్రమే గాంధీ కనిపిస్తారు. అక్కడ ఎదురుగా దిలీప్ ప్రభావల్కర్ అనే నటుడున్నాడు. 2018లో వచ్చిన 'అ!'లో వంటవాడిగా వేసిన ప్రియదర్శికి ఆ ఆసరా లేదు. ఆయనతో మాట్లాడేది తొట్టెలో చేప. గొంతు నిర్మాత నానిది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు వచ్చింది, రావాల్సిందే. నేను చేపని నమ్మింది మాత్రం తొట్టె వైపు వంగిన ఆ వంటవాడి ముఖం చూసి.

అమెరికాలో ఏబీసీ ఛానెల్ 2017లో 'ఇమాజినరీ మేరీ' అని ఇలాంటి కథే వేసింది. తెల్లటి బొచ్చు మేరీని గ్రాఫిక్స్‌లో చేశారు. తొమ్మిది ఎపిసోడ్లతో సరి. మన టీవీకి అంత ఖర్చెందుకు? ఒక స్టాండు, ఒక టేపు, వినే నటుడు దొరికితే నేను ఇప్పుడైనా రాస్తాను.

ఆ రోజు లంచ్‌లో ఆర్టిస్టు నా పక్కన కూర్చుని, "మా దొడ్లో చింతచెట్టు కింద నాకూ ఒకడుండేవాడన్నా. పేరే గుర్తురావట్లేదు" అన్నాడు. ప్యాకప్ అప్పుడు గుర్తొచ్చింది. స్క్రిప్టులో నేస్తం పేరు చిట్టి. డబ్బింగులో అడిగి మరీ మార్పించుకున్నాడు, కిట్టూ అని. రెండక్షరాలే కదా, పెదాలకి సరిపోయింది.