ఒకే ఒక్క పాఠకుడి కోసం

అంతర్జాతీయ ప్రాథమిక పాఠశాలల్లో లెర్నింగ్ సపోర్ట్ అని బోర్డు పెట్టిన గది సాధారణంగా ఒకటి ఉంటుంది. లోపల మెత్తటి దిండ్లు, రంగురంగుల చార్టులు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. సందర్శకుల చూపు వాటి మీదే పడుతుంది. ఆ గదిలో అసలైన పనితనం మాత్రం రెండు మూడు కాగితాల్లో ఉంటుంది. ఆ కాగితాల్లోని కథని సోషల్ స్టోరీ అంటారు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, జెనిసన్ అనే ఊరి పాఠశాలల్లో ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేసిన కెరొల్ గ్రే 1990ల మొదట్లో వీటికి రూపమిచ్చారు. పేరుకు కథే గానీ ఇందులో రాజు లేడు, పులి లేదు, చివర నీతి అసలే లేదు.

ఫైర్ అలారం మోగితే హడలిపోయే ఏడేళ్ల పిల్లవాడి కోసమని, ఆవిడ పద్ధతిలో మచ్చుకి ఒకటి రాసి చూస్తాను:

"మా బడిలో ఒక్కోసారి ఫైర్ అలారం మోగుతుంది. దాని మోత చాలా గట్టిగా ఉంటుంది. బడిలో అందరికీ ఒకేసారి వినపడాలని దాన్ని అలా తయారుచేశారు. ఎక్కువసార్లు అది ప్రాక్టీసు కోసమే మోగుతుంది. ఆ మోత కొంతమంది పిల్లలకి నచ్చదు. నచ్చకపోయినా ఫరవాలేదు. అది మోగినప్పుడు టీచరు మమ్మల్ని గ్రౌండులోకి తీసుకెళ్తారు. నేను చెవులు మూసుకుని వరసలో నడవడానికి ప్రయత్నిస్తాను. అందరూ బయటికి వచ్చారని టీచర్లు చూసుకున్నాక మళ్లీ క్లాసుకి వెళ్తాం."

తొమ్మిది వాక్యాలు. పిల్లవాడు చేయవలసిన పని ఎనిమిదో వాక్యంలో ఒక్కచోటే వచ్చింది. చెయ్యమని చెప్పే వాక్యం ఒకటుంటే, ఉన్న సంగతి చెప్పే వాక్యాలు కనీసం రెండుండాలని గ్రే నియమం. చదవడానికి తేలికే, కలం పట్టుకుంటే తెలుస్తుంది. లేవాలి, నిలబడాలి, అరవకూడదు అంటూ మన చెయ్యి దానంతటదే పరిగెడుతుంది. నీతికథలు విని పెరిగిన వాళ్లం కదా!

ఇక 'ఎక్కువసార్లు' చూడండి. ఎప్పుడూ ప్రాక్టీసుకే అని రాస్తే, నిజంగా పొగ వచ్చిన రోజున కథ అబద్ధమైపోతుంది. రాసిన మాటను రాసినట్టే తీసుకునే పిల్లవాడికి అది చిన్న విషయం కాదు. 'ప్రయత్నిస్తాను' అన్నదీ అంతే. ఒకరోజు నడవలేక కూలబడిపోయినా వాడు మాట తప్పినట్టు కాదు. 'నువ్వు' అన్న పిలుపు ఎక్కడా ఉండదు. 'నేను' అనో, 'పిల్లలు' అనో రాయాలి. ఆ 'నేను' నోట 'నేను అరిచి అల్లరి చేస్తాను' లాంటి నేరాంగీకారం పెట్టకూడదు.

వీటన్నిటికంటే నాకు మూడో వాక్యం గొప్పగా అనిపిస్తుంది. మోత ఎందుకంత గట్టిగా ఉంటుందో పెద్దవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే పిల్లవాడికీ ఎవరూ చెప్పి ఉండరు. ఆ ఖాళీని కనిపెట్టాలంటే రాసే టీచరు ముందు చాలాసేపు గమనించాలి, క్లాసు టీచర్ని, తల్లిని అడగాలి. అలా అడిగితే ఒక్కోసారి మోత బాధే కాదని తేలుతుంది. గీస్తున్న బొమ్మ సగంలో వదిలి లేవాల్సి రావడమే అసలు బాధ కావచ్చు. అప్పుడు పై కథ పనికిరాదు, తొమ్మిదో వాక్యం ముందుకొచ్చి 'నా బొమ్మ బల్ల మీదే ఉంటుంది' అన్న ముక్క చేరాలి. ఏటా కొత్త దేశం నుంచి పిల్లలు వచ్చి చేరే బడుల్లో ఈ విచారణ మరీ అవసరం. హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లిన పిల్లవాడికి భయం అలారం మోతదో, కొత్త భాషదో పైనుంచి చూస్తే తెలియదు. నెట్‌లో దొరికిన కథలో పేరు మార్చి లామినేట్ చేసేస్తే ఈ పనంతా ఎగిరిపోతుంది. మిగిలేది అందంగా అచ్చేసిన ఆజ్ఞాపత్రమే.

ఇదేమీ మంత్రం కాదు. ఇంగ్లండ్‌లో యార్క్ పరిశోధకులు పాఠశాలల్లో పెద్ద ఎత్తున జరిపిన పరీక్షలో, పిల్లల మొత్తం సామాజిక నైపుణ్యాల కొలతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏ పిల్లవాడికి ఏ లక్ష్యం పెట్టుకుని కథ రాశారో, ఆ లక్ష్యం మాత్రం కొంత ఎక్కువగా నెరవేరింది. ఒకరి కోసం, ఒక సందర్భం కోసం రాసినదాన్ని ఆ మేరకే తూచాలని నా అభిప్రాయం.

గ్రే పెట్టిన నియమాల్లో ఇంకొకటుంది. ఒక పిల్లవాడి కోసం రాసే కథల్లో కనీసం సగం, వాడు ఇప్పటికే బాగా చేస్తున్న పనుల గురించి ఉండాలి. బడుల్లో ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే. గొడవ జరిగితే కథ రాయమని అందరూ అడుగుతారు. వాడు పక్కవాడికి రబ్బరు ఇచ్చాడని, దాని మీద ఒక కథ రాసిపెట్టమని ఎవరూ అడగరు.