ఉద్యోగపర్వ సంధియత్నములు - మధ్యవర్తి లేని రాజీ

న్యాయస్థానమునకు వెలుపల వివాదములను పరిష్కరించుకొను పద్ధతులను గూర్చి ప్రసంగించువారు తఱచుగా ఉద్యోగపర్వమును స్మరించుచుందురు. 2021 జూలైలో జరిగిన భారత-సింగపూరు మధ్యవర్తిత్వ సదస్సున అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ శ్రీకృష్ణుని రాయబారమును మధ్యవర్తిత్వమునకు ప్రాచీనోదాహరణముగా పేర్కొని, దాని వైఫల్యమువలన కలిగిన ఘోరఫలములను జ్ఞప్తికి దెచ్చిరి. అటుపిమ్మట ఈ ఉపమానము వేదికలపై సుప్రసిద్ధమైనది. సభాప్రసంగమునకు ఇంతమాత్రము చాలును. కాని కావ్యవిమర్శకుడు మఱియొక ప్రశ్న వేయవలసి యున్నది. ఉద్యోగపర్వమున కృష్ణుడు మధ్యవర్తియా, దూతయా? ఆ కథలో నిజముగా మధ్యవర్తి అనదగినవాడు ఒక్కడైనను ఉన్నాడా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకినగాని ఆ పర్వమున సంధి ఏల పొసగలేదో మనకు తెలియదు. దుర్యోధనుని దుష్టత్వమే కారణమని చెప్పి ఊరకుండుట సులభము. అది కథకు సమాధానము కావచ్చును గాని కథానిర్మాణమునకు సమాధానము కాదు.

మొదట వివాదస్వరూపమును నిర్ణయించుకొందము. ఇందు రెండు అంశములు పెనవేసికొని యున్నవి. ఒకటి దాయభాగము, పితృపితామహార్జితమైన రాజ్యమున పాండుపుత్రులకు గల పాలు. రెండవది సమయము; అనగా ద్యూతమున చేసికొనిన కట్టుబాటు. పండ్రెండేండ్లు వనవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము గడపినచో ఎవరి రాజ్యము వారికి మరల చెందవలెననునది ఆ కట్టుబాటు. మొదటిదానిని గూర్చి ఎంతయైన వాదింపవచ్చును. రెండవదానిలో వాదింపదగినది ఒక్కటే: గడువు నిండినదా, లేదా? ఈ సందేహమును విరాటపర్వమున, గోగ్రహణ సమయమున, భీష్ముడే తీర్చినాడు. అధికమాసములను లెక్కించి పదుమూడేండ్లు నిండినవని ఆయన తేల్చెను. ప్రతివాది పక్షముననే ఉన్న కులవృద్ధుడు, ప్రతివాది ఎదుటనే, వాదికి అనుకూలముగా లెక్క తేల్చినాడన్నమాట. అయినను ఆ లెక్క తీర్పు కాలేదు. ద్రుపదుని పురోహితుడు హస్తినాపురమునకు వచ్చినప్పుడు కర్ణుడు సమయభంగ వాదమును మరల ఎత్తనే ఎత్తెను. తేలిన విషయము తేలనట్లే నిలిచి యుండుట ఈ పర్వమునకు ఆరంభము. ఇది గమనింపదగిన మొదటి అంశము.

ఇక మూడు రాయబారములు. మొదటిది వాది పంపిన పురోహితునిది. ఇతడు న్యాయమును స్పష్టముగ చెప్పును. బలమును కూడ సూచించును. భీష్ముడు అతని మాట న్యాయమేయని ఒప్పుకొనుచునే, పలుకు తీక్ష్ణముగా నున్నదనును. రెండవది ప్రతిపక్షమునుండి వచ్చిన సంజయునిది. ఇతని రాయబారము విచిత్రమైనది. ఇతడు శాంతిని కోరును, యుద్ధదోషములను వర్ణించును, ధర్మరాజు ధర్మబుద్ధిని కొనియాడును; ఇచ్చుటకు మాత్రము ఏమియు తేలేదు. అధర్మయుద్ధముచే వచ్చు రాజ్యముకంటె భిక్షాటనము మేలని చెప్పుటయే అతని సందేశసారము. నేటి భాషలో చెప్పవలెనన్న, ప్రతిపాదనము లేని రాజీమాట యిది. ధర్మరాజు దీనిలోని కపటమును గుర్తించియు, కోపింపక, తన కోరికను అయిదూళ్ళకు తగ్గించెను. వ్యాసభారతమున అతడు నాలుగూళ్ళను పేరుపెట్టి అడిగి, అయిదవదానిని ఎదుటివారి ఇచ్చకు విడిచినాడు. ఆ పేరుపెట్టినవానిలో వారణావతము ఒకటి. లాక్షాగృహము నిర్మింపబడినది అక్కడనే. అడిగిన భూమి స్వల్పమే యైనను, అడిగిన పేరులో పాత అపకారము మెదలుచునే యున్నది. ఎంత తగ్గినను మఱవలేని మనస్సు ఈ ఒక్క పేరునందు వ్యక్తమగుచున్నది.

మూడవది కృష్ణరాయబారము. ఇచ్చటనే మన ప్రశ్న బిగువెక్కును. కృష్ణుని మధ్యవర్తిగ భావించుటకు ఆధారములు లేకపోలేదు. అతడు ఉభయులకును బంధువు. అర్జున దుర్యోధనులు ఇరువురు సహాయము కోరి వచ్చినప్పుడు ఒకనికి తన్నును, మఱియొకనికి తన సేనను ఇచ్చినాడు. కౌరవసభలో అతడు ధృతరాష్ట్రునితో పలికిన పలుకు ఉభయకులముల క్షేమమును కోరు పలుకే. కాని ప్రతికూలమైన ఆధారములు బలవత్తరములు. అతడు ఉపప్లావ్యమున పాండవుల ఆలోచనసభలో కూర్చుండి, భీముని శాంతవచనములను పరిహసించి, ద్రౌపది తన కేశపాశమును చూపి చెప్పిన మాటలను విని, ఆమెకు ప్రతిజ్ఞ చేసి బయలుదేరినవాడు. హస్తినలో దుర్యోధనుని ఆతిథ్యమును నిరాకరించుచు, దూతలు కార్యము సఫలమైన పిదపనే భుజింతురని తన స్థితిని తానే నిర్వచించుకొనెను. అన్నిటికంటె ముఖ్యముగా, రాబోవు యుద్ధమున అర్జునునకు సారథిగా ఉండుటకు అంతకుమునుపే అంగీకరించి యుండెను.

బంధుత్వము మధ్యవర్తిత్వమునకు అడ్డుకాదా యని కొందఱు శంకింపవచ్చును. ప్రాచీనదృష్టిలో అది అడ్డుకాదు. రాజనియుక్తులైన సభ్యులు, పూగములు, శ్రేణులు, కులములు అని వ్యవహారనిర్ణేతలను యాజ్ఞవల్క్యస్మృతి క్రమముగ పేర్కొనును. కులమనగా జ్ఞాతిసంబంధిబంధువుల సమూహమని మితాక్షర వివరించును. ఆ మితాక్షరనే కేతన పదుమూడవ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయముగ తెలుగుపఱచెను. ఆ కేతనయే తన దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమిచ్చెను. అనగా బంధువులు కూడి తగవు తీర్చుట తిక్కన కాలపు విద్వాంసులకు శాస్త్రసమ్మతమైన విషయమే. కనుక కృష్ణుని మధ్యవర్తిత్వమునకు అడ్డు చుట్టఱికము కాదు. ముందే ఒప్పుకొనిన సారథ్యము. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టము కూడ, మధ్యవర్తి తన నిష్పాక్షికతపై సందేహము కలిగింపగల సంబంధములను ముందుగనే లిఖితపూర్వకముగ తెలుపవలెనని విధించుచున్నది. కృష్ణుడు దాచినది ఏదియు లేదు; దుర్యోధనుడు ఎఱుగనిదియు లేదు. కాబట్టియే అతని మాటను దుర్యోధనుడు ప్రతిపక్షవాక్యముగనే విన్నాడు. ఆ వినుటలో అతనికి గర్వమున్నది, అసూయ యున్నది. కాని పొరపాటు మాత్రము లేదు.

అట్లైన నిజమైన మధ్యవర్తి ఎవడు? ఆ స్థానమునకు అర్హులు సభలో పెక్కురున్నారు. భీష్ముడు న్యాయమెఱిగినవాడే గాని కురుసింహాసనమునకు కట్టుబడినవాడు. ద్రోణుడు ఉభయులకు గురువు, ఒకనికి భృత్యుడు. విదురుడు నిర్భయుడే, అతని మాటకు బరువున్నది గాని బలము లేదు. తీర్పు చెప్పి నడిపింపగల అధికారము ధృతరాష్ట్రుడొక్కనిది. అతడు రాజు; రాజే పరమ న్యాయస్థానము. కాని అతడే ప్రతివాదికి తండ్రి, తానును ఒక విధముగ ప్రతివాది. కృష్ణుని వాక్యము ధర్మ్యమని ఒప్పుకొనిన ఆ నోటనే, తాను స్వతంత్రుడను కానని, తన కుమారునకు చెప్పుమని అతడు పలుకును. ఈ పలుకుతో న్యాయస్థానము తన పీఠమును తానే విడిచిపెట్టినది. ఉద్యోగపర్వమునకు ఇదియే కీలకమని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

దీని ఫలితము దుర్యోధనుని ప్రతివచనమున కనబడును. మన నాటకరంగము అతనిని కేవలము దర్పోక్తులాడువానిగ నిలిపినది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములు పల్లెపల్లెను ప్రదర్శితమై రాయబారఘట్టమును జనుల నోళ్ళలో నిలిపిన మాట నిజమే. ఆ మేలుతోపాటు వాదప్రతివాదములలోని సూక్ష్మత మఱుగుపడుటయు జరిగినది. వ్యాసభారతమున దుర్యోధనుడు వాడిసూది మొన మోపినంత నేలయైన ఇయ్యనని చెప్పుటకు ముందు రెండు వాదములను తెచ్చినాడు. పాండవులు ఇష్టపూర్వకముగ జూదమాడి ఓడిరి; అందు తన తప్పేమి? ఇది మొదటి వాదము. తాను బాలుడై పరాధీనుడై యున్న దినములలో, పెద్దలు అజ్ఞానముచేతనో భయముచేతనో ఇయ్యరాని రాజ్యమును ఇచ్చిరి; ఆ దానము తన్ను బంధింపదు. ఇది రెండవ వాదము. ఈ రెండవది సామాన్యమైన మాట కాదు. మైనరు ఆస్తిని సంరక్షకులు అన్యాయముగ వదలుకొనిరని నేటి వ్యాజ్యములలో చెప్పు వాదమునకు ఇది సన్నిహితము. ఇది చెల్లునా? చెల్లదని చెప్పుటకు సమాధానములు పెక్కు గలవు. ఆ దానము చేసినవాడు సింహాసనస్థుడైన తండ్రి. పొందినవారు అన్యులుగాక దాయాదులు. పైగా ద్యూతసమయమున, సభాముఖమున, యుక్తవయస్కుడైన తానే వారి రాజ్యమును వారిదిగ అంగీకరించి పందెము వేయించినాడు. పరరాజ్యమని ఒప్పుకొనినదానినే కదా పందెమున గెలువవలసి వచ్చినది!

ఈ సమాధానమును ఆ సభలో ఎవరును చెప్పలేదు. భీష్ముడు, ద్రోణుడు, విదురుడు, గాంధారి అందఱును అతనికి హితము చెప్పిరి. యుద్ధమున నాశము తప్పదనిరి, అర్జునుని పరాక్రమమును వర్ణించిరి, తల్లిదండ్రుల దుఃఖమును చూపిరి. పరశురామ కణ్వ నారదులు ఉపాఖ్యానములు చెప్పిరి. వాదమునకు ప్రతిగా ఉపదేశము, ఉపదేశమునకు ప్రతిగా మొండితనము నడచినవి. విచారణము లేదు, కనుక తీర్పు లేదు, తీర్పు భయము లేనిచోట రాజీకి ఆధారమును లేదు. వివాదమున ఎదుటివాని మాట తప్పని నిరూపించుట వేఱు, ఎదుటివానిని చెడ్డవాడనుట వేఱు. కౌరవసభ రెండవదానిని సమృద్ధిగ చేసినది.

తిక్కన ఈ పర్వమును నాలుగాశ్వాసముల ఆంధ్రీకరించుచు విదురనీతి సనత్సుజాతీయముల వంటి బోధభాగములను సంగ్రహించి, సంభాషణములకు ప్రాధాన్యమిచ్చినాడు. ఇది కేవలము నాటకీయతపై మక్కువచే చేసిన పని యనుట చాలదు. ఆయన నెల్లూరు మనుమసిద్ధికి ఆంతరంగికుడు. రాజ్యభ్రష్టుడైన మనుమసిద్ధి పక్షమున ఆయన ఓరుగల్లునకు పోయి గణపతిదేవుని సాహాయ్యమును సాధించెనని సిద్ధేశ్వరచరిత్రము చెప్పుచున్నది. పుల్లరి వివాదము ముదిరి మనుమసిద్ధికిని కాటమరాజునకును జరిగిన పోరున, ఆయన వంశమువాడే యైన ఖడ్గతిక్కన మడిసెనని కాటమరాజు కథ. పశువుల మేతపన్నుపై పుట్టిన తగవు చర్చలతో తీరక కత్తులదాక పోయిన ఉదంతమిది. వీనినిబట్టి ఉద్యోగపర్వమును కవి స్వీయచరిత్రగ చదువుట సాహసము. కాని రాయబారి మాటలోని ప్రతి యక్షరమునకు గల విలువ ఎఱిగినవాడు ఈ పర్వమును తెనిగించినాడని చెప్పుట సాహసము కాదు.

సభలో కాని పని సభ వెలుపల సాధింపవలెనని కృష్ణుడు తుదకు కర్ణుని తన రథముపై నెక్కించుకొని ఏకాంతముగ మాటాడును. జన్మరహస్యము చెప్పును; రాజ్యమే ఇత్తుమనును. ఇది సామము కాదు, భేదము. ఉపప్లావ్యమునకు మరలివచ్చి ధర్మజునితో తాను సామభేదదానములను మూటిని ప్రయోగించితినని, ఇక దండమొక్కటే మిగిలినదని కృష్ణుడే చెప్పినాడు. రాజ్యమంతయు నీదే యగుగాక, అయిదూళ్ళు మాత్రము విడువుమనుట ఆ దానోపాయము. చతురుపాయములు రాజనీతిజ్ఞుని సాధనములు, మధ్యవర్తివి కావు. తన పనికి కృష్ణుడు పెట్టిన పేరు ఇది. ఆ పేరును మనము మార్చుటకు అధికారము లేదు.

ఇంతకును ఈ పేరుల విచారణవలన ప్రయోజనమేమి? ఒకటి గలదు. రాయబారమును విఫలమైన మధ్యవర్తిత్వముగ బోధించినచో, రాజీపడనిచో సర్వనాశనమే యను నీతి దానినుండి పుట్టును. ఆ నీతి బలహీనుడైన వాదికి ప్రమాదకరమైనది. హస్తినలో సంధికి ప్రత్యామ్నాయము యుద్ధము. నేడు రాజీకి ప్రత్యామ్నాయము న్యాయస్థానము. న్యాయస్థానమున్నది గనుకనే రాజీ గౌరవప్రదమగుచున్నది. రాజ్యమున పాలుగలవాడు అయిదూళ్ళకు దిగుట శాంతికాముకత్వమే యైనను, అది న్యాయము కాదు. ఆ మాటను ఉపప్లావ్యమున విప్పిన జుట్టుతో చెప్పినది ద్రౌపది. సంధిని గూర్చి మాటాడిన అందఱిలో, సంధివలన తనకు కలుగు నష్టమును లెక్కింపుమని అడిగినది ఆమె. రాజీని ప్రశంసించు ప్రతి సభలోను ఆమె ప్రశ్నకు చోటుండవలెను.

కావున ఉద్యోగపర్వము మధ్యవర్తిత్వమునకు ఉదాహరణము కాదు. మధ్యవర్తి లేమికి ఉదాహరణము. సమర్థుడైన దూత యున్నాడు, హితైషులున్నారు, ఋషులున్నారు; నడుమ కూర్చుండవలసినవాని పీఠము మాత్రము శూన్యము. ఆ శూన్యమును వాగ్ధాటితో నింపుట కృష్ణునికే సాధ్యము కాలేదు. విద్యార్థులకు ఈ పర్వమును బోధించునపుడు కృష్ణుని వాక్చాతుర్యముతోపాటు ధృతరాష్ట్రుని ఆ ఒక్క పలుకును, తాను స్వతంత్రుడను కాననుదానిని, నిలిపి చదివింపవలసి యున్నది. భారతయుద్ధము ఆ పలుకుతో నిశ్చయమైనది.