నకలును పసిగట్టే ఆటలు

పాత కన్సోల్ గేముల్లో కొన్ని తాము నకలు కాపీలో నడుస్తున్నామని పసిగట్టగలవు. కొన్ని హెచ్చరిక చూపి ఆగిపోతాయి, కొన్ని ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఆటను పాడుచేస్తాయి. అసలు క్యాసెట్ కొన్నవాళ్ళకు ఈ భాగం ఎన్నడూ కనిపించదు. కన్సోల్‌ను కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్‌లో ఆ రక్షణను కావాలని కదిలించి చూడటం గేముల చరిత్రపై మక్కువ ఉన్నవాళ్ళకు ఇప్పుడొక సాధన.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఈ సంగతి పెద్దగా తెలియకపోవడానికి కారణం ఉంది. 1990లలో మన ఊళ్ళలో ‘టీవీ గేమ్’ అంటే ఎక్కువగా సమురాయ్, మీడియా, టెర్మినేటర్ వంటి పేర్లతో అమ్మిన పెట్టెలే. అవి నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ పోలికలో పుట్టినవి. ఫామికామ్‌లో తాళపు చిప్పు లేదు. 1985లో అమెరికాకు పంపిన దాని రూపమైన ఎన్‌ఈఎస్‌లోనే ఆ చిప్పును చేర్చారు. తాళమే లేని యంత్రం కనుక నకలు క్యాసెట్ పెట్టినా ఆట నడిచేది.

తర్వాత వచ్చిన సూపర్ నింటెండో కన్సోల్ కాలానికి గేమే కాపలా కాయడం మొదలుపెట్టింది. 1995లో అమెరికాలో వచ్చిన ‘ఎర్త్‌బౌండ్’ వీటిలో అన్నిటికన్నా పట్టుదల గలది. ఆట సేవ్ చేసుకోవడానికి ఆ క్యాసెట్‌లో 8 కిలోబైట్ల మెమరీ ఉంటుంది. క్యాసెట్లను ఫ్లాపీల్లోకి దించే కాపియర్ యంత్రాల్లో, ఏ గేముకైనా సరిపోవాలి కనుక, ఈ మెమరీ ఎక్కువ ఉండేది. 8 కిలోబైట్లకు అవతల ఇంకా మెమరీ ఉందేమోనని గేమ్ తడిమి చూస్తుంది. ఉంటే అది కాపియర్ అని లెక్క.

దీన్ని కదిలించడం తేలికే. గేమ్ ఉండే రోమ్ ఫైలులోని హెడర్‌లో సేవ్ మెమరీ ఎంతో చెప్పే బైటు ఒకటుంటుంది. అందులో 3 ఉంటే 8 కిలోబైట్లు, 5 రాస్తే 32. హెడర్‌ను నమ్మే ఎమ్యులేటర్ అంత మెమరీ ఇచ్చేస్తుంది, ఆట బదులు నకళ్ళు నేరమని చెప్పే తెర వస్తుంది.

అసలు కథ ఆ తెర వెనకాల ఉంది. మొదటి పరీక్షను, ప్రోగ్రామును ఒక్కో ఆదేశంగా నడిపి చూపే డీబగ్గర్‌తో దాటిస్తే ఆట మామూలుగానే సాగుతున్నట్టుంటుంది, కానీ దారి పొడవునా శత్రువులు మితిమీరి పుట్టుకొస్తారు. అయినా ఓపికపట్టి చివరి శత్రువు గీగస్ దాకా వెళ్ళినవాడికి పోరు మధ్యలో ఆట బిగుసుకుపోతుంది, సేవ్‌లన్నీ చెరిగిపోతాయి. ఇది మోతాదు మించిన శిక్ష. నకలు చేసినవాడు అప్పటికే డబ్బు జేబులో వేసుకుని ఉంటాడు. గంటల కష్టం పోగొట్టుకునేది బజార్లో తెలియక కొన్న పిల్లవాడు.

2000లో ప్లేస్టేషన్‌కు వచ్చిన ‘స్పైరో: ఇయర్ ఆఫ్ ది డ్రాగన్’ కూడా ఈ దారే పట్టింది. జోయీ అనే దేవకన్య ఇది మార్చిన కాపీ అని ఆటగాడికి చెబుతుంది, ఆపైన కూడబెట్టిన రత్నాలు, గుడ్లు మాయమవుతాయి. నకలును శాశ్వతంగా ఆపడం సాధ్యం కాదని, తొలి నెలల అమ్మకాలను కాపాడుకుంటే చాలని ఆ రక్షణపై పనిచేసిన గావిన్ డాడ్ 2001లో రాశాడు. యూరప్ డిస్కులో లిబ్‌క్రిప్ట్ అనే మరో కాపలా ఉంది. దాని తాళంచెవి మామూలు డిస్క్ ఇమేజ్‌లో చేరని సబ్‌ఛానల్ సమాచారంలో దాగి ఉంటుంది. ఆ సమాచారాన్ని మోసే చిన్న ఎస్‌బీఐ ఫైలును పక్కకు తీస్తే చాలు, రక్షణ తనంతట తనే లేస్తుంది.

2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కు వచ్చిన ‘క్లాసిక్ ఎన్‌ఈఎస్’ వరుస మాత్రం నేరుగా ఎమ్యులేటర్ల మీదే గురిపెట్టింది. ఆ ప్రాసెసర్ ఒక ఆదేశాన్ని అమలు చేస్తుండగానే తర్వాతివాటిని ముందే తెచ్చుకుంటుంది. గేమ్ సరిగ్గా అలా తెచ్చుకున్న ఆదేశాన్నే మెమరీలో మార్చేస్తుంది. అసలు యంత్రం చేతిలో ఉన్న పాతదాన్నే అమలు చేస్తుంది, నాటి ఎమ్యులేటర్లేమో కొత్తదాన్ని చదివి దొరికిపోయేవి. సేవ్ మెమరీ రకంలోనూ ఉచ్చు ఉంది. ఎమ్‌జీబీఏ వంటి నేటి ఎమ్యులేటర్‌లో ఆ రకాన్ని చేత్తో ఎస్‌ర్యామ్‌గా మారిస్తే ‘గేమ్ ప్యాక్ ఎర్రర్’ తెరను ఇప్పటికీ చూడవచ్చు.

చట్టం సంగతీ చూసుకోవాలి. మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ప్రోగ్రామును న్యాయంగా పొందినవారికి బ్యాకప్ కాపీని అనుమతిస్తుంది. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో రక్షణను ఛేదించేవారికి రెండేళ్ళ దాకా జైలుశిక్ష విధిస్తుంది. సొంత క్యాసెట్ నుంచి దించుకున్న కాపీతోనే ఈ పని చేయడం మంచిది.

ఇంటర్నెట్‌లో తిరిగే ‘యాంటీ పైరసీ తెర’ వీడియోల్లో చాలావరకు భయపెట్టడానికి అల్లినవే. అసలుదాన్ని వేరుచేసే ఆధారం ఎమ్యులేటర్‌లోనే దొరుకుతుంది: ఏ బైటు మారిస్తే తెర వచ్చిందో, ఆ క్షణాన ప్రాసెసర్ ఏ అడ్రసులో ఉందో డీబగ్గర్ చూపుతుంది. ఎమ్యులేటర్ పేరు, వెర్షన్, గేమ్ ఏ దేశపుది, ఏ మార్పు చేశారు అన్నవి రాసిపెడితే, ఇంకొకరు అదే మార్పుతో అదే తెరను రప్పించి సరిచూసుకోవచ్చు.