నిలిచిన బండి యేల కాగును?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో వేరుశనగ బస్తాలను, పత్తిని, కొల్లాపురపు మామిడికాయలను మార్కెట్ యార్డులకు చేర్చు భారము నేడు చాలవఱకు పికప్పు బండ్లపై పడినది. ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున యార్డు వాకిట వరుసకట్టి, ఇంజను ఆపక నిలిచియుండు ఈ బండ్లలో ఒక విచిత్రవ్యాధి తఱచుగా బయటపడును: పెబ్బేరు మొదలు ఎఱ్ఱవల్లి చౌరస్తా వఱకు జాతీయ రహదారిపై పరుగెత్తినంతసేపును చల్లగా నుండిన యింజను, నిలిచిన కొంతసేపటికే కాగి, మీటరు ముల్లును ఎఱ్ఱగీత వైపు తోలును.

ఈ వ్యాధికి చికిత్స చేయు ఉస్తాదులలో పలువురు కళాశాల మెట్లెక్కినవారు కారు. బాల్యమున పానాలు అందించుచు, గురువు చేతి కదలికను కనిపెట్టి నేర్చినవారు. వారి విద్యలో అన్నిటికంటె విలువైనది బానెటు తెరవకమునుపు వారడుగు ప్రశ్నయే యని నా తలంపు.

“నిలవడ్డప్పుడు కాగుతుందా తమ్మీ, ఉరికేటప్పుడు కాగుతుందా?”

ఇంతటితో సగము రోగనిదానము ముగియును. బండి పోవునపుడు ఎదురుగాలి తనంత తానే రేడియేటరును చల్లార్చును. నిలిచి, నిమిషమునకు 750, 800 చుట్లతో మెల్లగా తిరుగు ఇంజనుకు ఆ గాలి లేదు గనుక, వేడిని తొలగించు పనియంతయు ఫ్యానుదే యగును. కావున నీటిమట్టము సరిగానుండియు నిలకడలోనే కాగు బండికి మొదటి యనుమానము ఫ్యానుమీదను, గాలిదారిమీదను. మన్ననూరు ఘాటు ఎక్కునపుడు మాత్రమే కాగుదానికి రేడియేటరు గొట్టములలోని పూడికమీదను. రెంటను కాగుదానికి నీటి ప్రవాహముమీదను నిలుచును.

పెక్కు డీజిల్ పికప్పులలో ఫ్యాను ఇంజనుకు నేరుగా బిగింపబడియుండదు. నడుమ విస్కస్ క్లచ్చు అను నొక డబ్బీ యుండును. అందు చిక్కని సిలికాన్ తైలమును, ముఖమున రెండు లోహములు అతికి చేసిన చుట్ట స్ప్రింగును కలవు. రేడియేటరును దాటి వచ్చు గాలి వేడెక్కినకొలది ఆ స్ప్రింగు మెలితిరిగి లోని ద్వారమును తెరవగా, తైలము సందులలోనికి పాఱి ఇంజను వేగమును ఫ్యానుకు అంటించును. ఏండ్లు గడచి తైలము కారిపోయినపుడు ఫ్యాను తిరుగుచున్నట్లే కనబడును గాని, గాలిని లాగు బలము దానికి చాలదు. చూపరులను మోసగించు లోపమిది. ఉస్తాదు కాగిన ఇంజనును ఆపించి, తాళపుచెవి తన జేబున వేసికొని, రెక్కను వ్రేలితో త్రిప్పిచూచును. తైలమున్నచో రెక్క బరువుగా కదలి వెంటనే ఆగును. లేనిచో గిఱగిఱ తిరుగును, క్లచ్చు నడిమినుండి అంచునకు పాకిన నూనెచారికలు సాక్ష్యము చెప్పును. మఱియొక పరీక్ష: వేడెక్కిన ఇంజను నడుచుచుండగా ముందటి జాలీకి కాగితము నానించినచో గాలి దానిని పట్టి నిలుపవలెను.

విద్యుత్తుతో తిరుగు ఫ్యాను గల బండ్లలో ఫ్యూజు, రిలే, సెన్సారు చూడవలెను. కాని ఇచ్చట దోషము పలుమార్లు అంతకంటె అల్పమైనది. పత్తినూగు, వేరుశనగ పొట్టు, దారిదుమ్ము కలిసి రేడియేటరు రెక్కల నడుమ దట్టముగా అల్లుకొనును. దానిని కడుగునపుడు నీటిని ఇంజను వైపునుండి వెలుపలికి, తక్కువ ఒత్తిడితో కొట్టవలెను. ఎదుటినుండి గట్టిగా కొట్టిన చెత్త లోతునకు పోవును, పలుచని రెక్కలు వంగును. ఫ్యాను చుట్టునుండు ప్లాస్టిక్కు తొడుగు పగిలినదని పాఱవేసిన యజమానులును కలరు. అది లేనిచో ఫ్యాను చల్లగాలిని వదలి, తాను విడిచిన వేడిగాలినే మరల లాగికొనును.

మూతయు ఉపేక్షింపదగినది కాదు. 100 డిగ్రీలకు మరగు నీరు, మూత సుమారు ఒక బార్ ఒత్తిడిని నిలిపినపుడు 120 డిగ్రీల వఱకు మరగదు. రబ్బరు ఎండిన మూత ఈ రక్షణను పోగొట్టును. ఇక కఠినమైన బోరునీరు పోయుచుండినచో గొట్టములలో సున్నపు పెచ్చు పేరుకొనును. కూలెంటును శుద్ధజలమును సమభాగములుగా పోయుటయే మేలు.

ఈ సంప్రదాయమున నాకు నచ్చని యాచారమొకటి కలదు: బండి కాగినదనగానే థర్మోస్టాట్ వాల్వును పీకి పాఱవేయుట. అందలి మైనము సుమారు 82 డిగ్రీలకు కరగి వ్యాకోచించి, నీటికి రేడియేటరు దారి నిచ్చును. దానిని తీసినచో ఇంజను తగిన వేడిని చేరలేక డీజిలు ఎక్కువ త్రాగును, సిలిండర్లు అరుగును; కొన్ని ఇంజనులలో నీరు రేడియేటరును చేరకయే అడ్డదారిన మరలి, కాక యింకను హెచ్చును. గిన్నెలో నీరు కాచి, అందు వాల్వు వేసి, తెరచుకొనునో లేదో చూచుటకు ఎంతసేపు పట్టును? మంచి ఉస్తాదులు అట్లే చేయుదురు.

హెడ్ గ్యాస్కెట్టు మాట వారు చిట్టచివర గాని ఎత్తరు. రేడియేటరులో ఎడతెగని బుడగలు, తెల్లని పొగ, తెల్లబాఱి చిక్కబడిన ఇంజనాయిలు కనబడినపుడే హెడ్డు విప్పుదురు. చవుకైన అనుమానమును ముందు, ఖరీదైనదానిని వెనుక ఉంచు ఈ క్రమము బీదరైతు జేబునెఱిగి యేర్పడినది. వనపర్తి రాజభవనమున 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. ఉష్ణశాస్త్రము అచ్చట, దానిని చేతితో నెఱిగినవారు అదే యూరి షెడ్డులలో. ఇరువురిని ఒకచోట కూర్చుటకు పూనుకొనవలసినవారు కళాశాలవారే.

డ్రైవరు సోదరులకొక మనవి: ముల్లు ఎఱ్ఱగీతను తాకినపుడు ఇంజను ఆపుడు, అరగంటయైన చల్లారనిండు, కాగిన రేడియేటరు మూతను తెరువకుడు, కాగిన ఇంజనుపై చన్నీరు కుమ్మరింపకుడు.