బొమ్మ గీసి, ప్రమాణం చూసి

హైదరాబాద్ ఆకాశవాణి మీడియం వేవ్‌లో ఏళ్ల తరబడి 738 కిలోహెర్ట్జ్ మీద వినిపించింది. ఆ తరంగదైర్ఘ్యం ఎంత? ఇంటర్ విద్యార్థికి ఇది ఒక్క భాగహారం: కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగించాలి. అయినా కొన్ని నోట్‌బుక్కుల్లో 406 కిలోమీటర్లని జవాబు కనిపిస్తుంది. కిలోహెర్ట్జ్‌ని హెర్ట్జ్‌లోకి మార్చకపోతే వచ్చే తప్పు ఇది. అసలు జవాబు 406 మీటర్లు.

మంచి మాస్టారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి ఊరుకోరు. "హైదరాబాద్ నుంచి బెజవాడ ఎంత దూరంరా?" అని అడుగుతారు. రెండు వందల డెబ్బై కిలోమీటర్లకు అటూ ఇటూ. అంటే ఒక్క అల బెజవాడ దాటిపోవాలి! మరి పాత రేడియోల డయల్ మీద మీడియం వేవ్ దగ్గర వందల మీటర్ల అంకెలే ఉండేవి కదా? పిల్లవాడు తన లెక్కలోకి తానే వెనక్కి వెళ్లి, పోయిన మూడు సున్నాలను పట్టుకుంటాడు.

భౌతికశాస్త్రంలో ఇంటిలెక్కలు చెప్పే సంప్రదాయంలో అసలు విద్య ఇదే: జవాబు అందించడం కాదు, జవాబును పరీక్షించుకోవడం నేర్పడం. హంగరీలో పుట్టిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో వెలువడిన 'హౌ టు సాల్వ్ ఇట్'లో ఈ పనిని నాలుగు మెట్లుగా విడదీశారు. ప్రశ్నను అర్థం చేసుకోవాలి, దారి ఆలోచించాలి, ఆ దారిన నడవాలి, చివర వెనక్కి తిరిగి చూడాలి. పరీక్షల తొందరలో ముందుగా ఎగిరిపోయేవి మొదటి మెట్టు, చివరి మెట్టు.

మొదటి మెట్టు విలువ విద్యుత్తు లెక్కల్లో బాగా తెలుస్తుంది. 60 వాట్లది ఒకటి, 100 వాట్లది ఒకటి, రెండు ఫిలమెంట్ బల్బులను 230 వోల్టులకు శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? తరగతిలో చాలామంది వందే అంటారు. అప్పుడు వలయం బొమ్మ గీయించి ఒకే ప్రశ్న వేయాలి: ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? బొమ్మలో తీగ ఒక్కటే, కాబట్టి కరెంటు ఒక్కటే. ఇక ఎక్కువ నిరోధం ఉన్నదే ఎక్కువ వెలగాలి. బల్బు మీద రాసిన విలువల ప్రకారం 60 వాట్ల బల్బు నిరోధం దాదాపు 882 ఓమ్‌లు, 100 వాట్లది 529. గెలిచింది చిన్న బల్బు. ఫిలమెంట్ వేడిని బట్టి నిరోధం మారుతుంది కాబట్టి ఈ అంకెలు ఉజ్జాయింపే అనే మాట కూడా మాస్టారు దాచకూడదు.

అంకెలు లేకుండానే తేలిపోయే ప్రశ్నలూ ఉంటాయి. వీణ తీగ పౌనఃపున్యం దాని పొడవుకు విలోమంగానూ, తన్యత వర్గమూలానికి అనులోమంగానూ మారుతుంది. పన్నెండో మెట్టు దగ్గర నొక్కితే మోగే తీగ సగమవుతుంది, స్వరం పై స్థాయికి చేరుతుంది. పొడవు తగ్గించకుండా అదే స్వరం రావాలంటే? తన్యత రెట్టింపు చేస్తే చాలని తొందరపడేవారికి వర్గమూలం అడ్డొస్తుంది. నాలుగు రెట్లు కావాలి. తీగ బరువు, పొడవు, బిగువు ఏవీ ఇవ్వకపోయినా నిష్పత్తి ఒక్కటే లెక్కను నడిపిస్తుంది.

ఐఐటీ కాన్పూర్‌లో ఆచార్యులుగా పనిచేసిన హెచ్.సి. వర్మ రాసిన 'కాన్సెప్ట్స్ ఆఫ్ ఫిజిక్స్'లో ప్రతి అధ్యాయం చివర అంకెల లెక్కల కన్నా ముందు మాటల్లో జవాబు చెప్పాల్సిన ప్రశ్నలుంటాయి. సూత్రం వెతుక్కునే చేతిని ఆపి, ముందు జరిగేదేమిటో చెప్పించే క్రమం అది. తెలుగు మాధ్యమం పిల్లలకు ఇది మరీ మేలు. సొంత మాటల్లో కారణం చెప్పగలిగినవారిని లెక్కలోని అంకెలు మారినా, ప్రశ్న తిరగేసినా కంగారుపెట్టవు.

సంకేతాల లెక్కలు మరో మేలు చేస్తాయి, అవి కొత్త ప్రశ్నలు పుట్టిస్తాయి. సంప్రదాయ టెలిఫోన్ గొంతును దాదాపు 3,400 హెర్ట్జ్ వరకే తీసుకుంటుంది. నమూనాలు దానికి రెట్టింపు కన్నా ఎక్కువ కావాలి కాబట్టి సెకనుకు 8,000 తీసుకుంటారు. ఒక్కోదానికి 8 బిట్లు. గుణిస్తే సెకనుకు 64,000 బిట్లు. ఇక్కడికి హోంవర్కు పూర్తయింది. కానీ జీఎస్ఎం సెల్‌ఫోన్లు మొదట్లోనే అదే గొంతును సెకనుకు 13,000 బిట్లలో పంపాయని తెలిస్తే, మిగతా బిట్లు ఎక్కడికి పోయాయని చురుకైన విద్యార్థి అడుగుతాడు. గొంతు ఎలా పుడుతుందో ఒక మోడల్‌గా ముందే పెట్టుకుని, దాని కొలతలను మాత్రమే పంపే పద్ధతి గురించి అప్పుడు మాట్లాడాలి. అది సిలబస్‌లో లేకపోయినా సరే.