ఉచిత కాపలాకు జీతం ఎవరిస్తున్నారు?

మా వీధిలో ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా నాకు పిలుపొస్తుంది. వెళ్లగానే "అన్నా, ఫ్రీ యాంటీవైరస్‌లో ఏది మంచిది?" అంటారు. దాన్నిచ్చే కంపెనీకి డబ్బెక్కడి నుంచి వస్తోందో ముందు చూడమంటాను.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. అవాస్ట్ ఉచిత యాంటీవైరస్‌ను కోట్లమంది వాడారు. వాళ్లు ఏయే వెబ్‌సైట్లు చూస్తున్నారో ఆ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ అమ్ముతున్నట్టు 2020 జనవరిలో బయటపడింది. జంప్‌షాట్‌ను మూసేశారు. అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు చెల్లించాలని 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రకటించింది. కంప్యూటర్లో ప్రతి ఫైలునూ తెరిచి చూసే అధికారం మనం యాంటీవైరస్ చేతికిస్తాం. అందుకే ఆ వార్త నన్నంతగా బాధించింది.

నా సలహా ఒక్కటే: కొత్తగా ఏదీ వెయ్యొద్దు. విండోస్ 8 నుంచీ డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌తోపాటే వస్తోంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ సంస్థలు యాంటీవైరస్‌లను పరీక్షించి ఫలితాలు అందరికీ అందుబాటులో పెడతాయి. ఒకప్పుడు అడుగున ఉన్న డిఫెండర్ ఇప్పుడు డబ్బిచ్చి కొనేవాటి సరసన నిలుస్తోంది. నెట్ లేనప్పుడు మాత్రం దాని పట్టు కాస్త సడలుతుంది. జిరాక్స్ షాపుల్లో తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టే ముందు నెట్ ఆన్ చేయండి, పెట్టగానే దాన్ని స్కాన్ చేయండి. ఇక భద్రత రెట్టింపవుతుందని రెండు యాంటీవైరస్‌లు వేసేవాళ్లున్నారు. ఒక్కో ఫైలునూ రెండూ తడుముతుంటే కంప్యూటర్ కదలదు.

అసలు ప్రమాదం అప్‌డేట్లు ఆపేయడంలో ఉంది. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది చొరబడిన లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని చోటే దెబ్బ పడింది. "నెట్ ఖర్చవుతుంది" అంటూ అప్‌డేట్లు ఆపేసిన ఇళ్లు చూస్తే నా మనసు ఊరుకోదు, అక్కడే కూర్చుని అన్నీ వేయించి లేస్తాను.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంకా దాన్నే వాడుతుంటే యాంటీవైరస్ కోసం వెతకడం ఆపి, మీ కంప్యూటర్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో ఈ వారమే చూడండి. వానాక్రై లాంటిది మళ్లీ వచ్చినా పోకుండా, పిల్లల ఫొటోలన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, కేబుల్ తీసి, బీరువాలో పెట్టండి.